పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, చేతిలో ఉద్యోగం: రాసే అలవాటు ఎట్టా నిలబడుతుంది?

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవ్వాలి కదా. మీరు సింగరాయకొండ నుంచి రోజూ కావలి వెళ్లి ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెప్తున్నారు. ఎకనామిక్స్‌లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, మూడో ఏడు. నెల్లూరు తీర మండలాల్లో రొయ్యల గుంటలు వచ్చాక వ్యవసాయ కూలీల పని ఎలా మారిందన్నది అంశం. కోర్స్‌వర్క్ అయింది, ఫీల్డ్‌వర్క్ సగం దాటింది, డౌన్‌లోడ్ చేసిన పేపర్లతో ఫోల్డర్ నిండిపోయింది. సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) తర్వాత మాత్రం ఒక్క పేజీ కూడా రాయలేదు. "సెలవుల్లో కూర్చుని రాద్దామనుకుంటాను, సెలవులు అయిపోతాయి. రోజూ రాసేవాళ్లు ఎట్టా రాస్తారు సార్? ముందు జర్నల్‌లో పేపరు వేయాలా, థీసిస్ చాప్టర్ రాయాలా?" అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. సెలవుల మీద ఆశ వదిలేయండి. వారానికి ఐదు రోజులు, ఒకే చోట, ఒకే వేళకు, ముప్పావు గంట రాయండి. చదవడమూ ఫీల్డ్‌వర్కూ పూర్తయ్యేదాకా ఆగకండి, ఈ వారమే మొదలుపెట్టండి. రాసింది పదిహేను రోజులకోసారి ఎవరో ఒకరి చేతిలో పడాలి. చాప్టర్ ముందు, పేపరు తర్వాత. దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను చాలా ఏళ్లుగా పీహెచ్‌డీ స్కాలర్లకు గైడ్‌గా ఉన్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లే. కందుకూరు, కనిగిరి, ఆత్మకూరు, గూడూరు వైపు నుంచి వచ్చి, ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ చదివినవాళ్లు. ఇంట్లో అంతకుముందు ఎవరూ థీసిస్ రాసి ఉండరు. వాళ్లలో థీసిస్ ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తెలివితేటల్లో పెద్ద తేడా నాకు కనపడలేదు. రాయడం ఎప్పుడు మొదలుపెట్టారన్న దాంట్లో కనపడింది.

సెలవులు ఎందుకు పనికిరావో చూడండి. దసరా సెలవులంటే మొదటి రెండు రోజులు ఇంటి పనులు. తర్వాత ఫైళ్లు తెరిస్తే ఏది ఎక్కడ ఆపామో గుర్తుండదు. పాత నోట్సు తిరగేసి దారిలో పడేసరికి నాలుగో రోజు. అప్పుడు పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చుంటే ఒళ్లు నొప్పులు, రాసింది చూసుకుంటే చిరాకు. ఇక సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలే, థీసిస్ మాట ఎత్తే పని లేదు. వేసవిలో వాల్యుయేషన్, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం. గెస్ట్ ఫ్యాకల్టీకి ఈ అడ్మిషన్ల తిరుగుడు ఎంత ఉంటుందో నాకు తెలుసు.

రాబర్ట్ బోయిస్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1980లలో కాలేజీ అధ్యాపకుల మీద దీన్నే పరీక్షించి చూశాడు. మూడ్ వచ్చినప్పుడు రాసినవాళ్లకంటే, మూడ్‌తో పని లేకుండా వేళకు కూర్చున్నవాళ్లు ఎక్కువ పేజీలు రాశారు. కొత్త ఆలోచనలు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. అది చిన్న గుంపు మీద చేసిన పరిశీలన, అన్నిటికీ అదే ప్రమాణం అనుకోనక్కర్లేదు. న్యూజిలాండ్‌కు చెందిన హెలెన్ స్వోర్డ్ తర్వాత పేరున్న పరిశోధకులు చాలామందిని అడిగి చూస్తే, నిజంగా రోజూ రాసేవాళ్లు తక్కువమందే తేలారు. అందుకే నేను "రోజూ" అనడం లేదు. మీ జీవితానికి సరిపడే వేళ ఒకటి ఉండాలి, అది మారకూడదు, అంతే.

ఆ వేళ ఏదన్నది వేరేవాళ్లను చూసి పెట్టుకోకండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాయమని అందరూ చెప్తారు. కందుకూరు నుంచి వచ్చే ఒక స్కాలర్, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, నిజంగానే పిల్లలు లేవకముందే రాసి థీసిస్ పూర్తి చేసింది. ఆమెను చూసి ఇంకో అబ్బాయి మొదలుపెట్టాడు. వారం తిరక్కుండానే క్లాసులో నిలబడి కునుకుపాట్లు. మీ సంగతికి వస్తే, రోజూ రైలు ప్రయాణం ఉంది కాబట్టి తెల్లవారుజాము వద్దు. ఇంటికి వచ్చాక రాస్తాను అనేది అసలే వద్దు, అలా సాగించినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఒక రైలు ముందు ఎక్కి, మొదటి క్లాసుకు గంట ముందే కాలేజీలో ఉండండి. స్టాఫ్‌రూమ్‌లో కూర్చోకండి, "రా సార్, టీ తాగుదాం" అని ఎవరో ఒకరు వస్తారు. లైబ్రరీలో వెనక బల్ల చూసుకోండి. లైబ్రరీ తాళం తీసే అటెండర్‌తో స్నేహం చేసుకోండి, థీసిస్‌కు ఆయన సాయం తక్కువది కాదు.

ఆ ముప్పావు గంటలో కొత్త వాక్యాలు పుడితేనే అది రాయడం కింద లెక్క. రిఫరెన్సులు సర్దడం, టేబుళ్లకు గీతలు కొట్టడం, మార్జిన్లు సరిచేయడం, ఇంకో పేపరు వెతకడం, ఇవన్నీ అవసరమైన పనులే. కానీ వాటికి సాయంత్రం వేళ వేరే పెట్టుకోండి, అలిసిపోయిన బుర్ర కూడా వాటిని చేసేస్తుంది. రాస్తూ రాస్తూ ఏదైనా అంకె గుర్తు రాకపోతే అక్కడ ఒక నక్షత్రం గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి. ఆ అంకె కోసం నెట్ తెరిచారంటే ఆ పూటకు అయిపోయినట్టే.

చదవడం గురించి ఇక్కడ ఒక మాట. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ యూనివర్సిటీల స్కాలర్లకు పదమూడు వేల దాకా జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మా రోజుల్లో ఒక పేపరు కోసం మద్రాసు వెళ్లేవాళ్లం. సౌకర్యం మంచిదే, కానీ "అన్నీ చదివాక రాస్తాను" అనేవాడికి ఇక జన్మలో రాసే రోజు రాదు. చదివిన ప్రతి పేపరుకూ పీడీఎఫ్ మూసేసి, చూడకుండా, మీ మాటల్లో ఐదారు వరుసలు రాయండి: ఇతను ఏమంటున్నాడు, దేన్ని బట్టి అంటున్నాడు, నా అంశానికి దీనితో పనేంటి. రాయలేకపోతే అది మీకు అర్థం కాలేదని. రివ్యూ చాప్టర్ సగం అక్కడే తయారవుతుంది. రిఫరెన్సులు దాచి సర్దుకోవడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితం.

ఇలా మూసేసి రాయడం వల్ల ప్లేజరిజం, అంటే ఇతరుల రాత కాపీ కొట్టారన్న ఆరోపణ, భయం కూడా పోతుంది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై దాకా ఉంటే ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. నలభై దాటితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇందులో ఇరుక్కునేవాళ్లలో దొంగతనంగా కాపీ కొట్టినవాళ్లకంటే, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని వాక్యంలో నాలుగు మాటలు మార్చి రాసుకుంటూ పోయినవాళ్లే నాకు ఎక్కువగా తగిలారు.

ఇప్పుడు అసలు చిక్కు. మీ ప్రశ్నలో మీరు రాయలేదు గానీ, నాకు అనుమానం ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం అయి ఉంటారు. థీసిస్ ఇంగ్లిష్‌లో రాయాలి. మన దగ్గర చాలామంది స్కాలర్లు ఫీల్డ్‌లో చూసింది తెలుగులో అద్భుతంగా చెప్తారు, నోరు తెరిచి వింటాం. అదే మనిషి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మొదటి వాక్యానికే గ్రామర్ టెన్షన్ పట్టుకుంటుంది. ఆలోచించడమూ ఇంగ్లిష్ సరిచూసుకోవడమూ ఒకేసారి చేయబోతే రెండూ జరగవు.

మొదటి డ్రాఫ్ట్ తెలుగులో రాయండి. రాయడం కూడా బరువనిపిస్తే ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి, ఎదురుగా మీ అమ్మగారు కూర్చున్నట్టు చెప్పండి. మీ అంశంలోంచే ఒక ముక్క తీసుకుందాం:

"వరి ఉన్నప్పుడు నాట్లకు, కలుపుకు, కోతకు ఆడవాళ్లకు పని ఉండేది. గుంటలు తవ్వాక ఆ పని పోయింది. గుంట దగ్గర కాపలా, మేత వేయడం మగవాళ్ల పని, అదీ ఒకరిద్దరికే. ఆడవాళ్లు ఇప్పుడు వ్యాన్‌లో ప్రాసెసింగ్ ప్లాంటుకు పోతున్నారు, రొయ్యల తలలు తీసే పనికి. సరుకు వచ్చినప్పుడే పిలుస్తారు."

ఇందులో పాండిత్యం ఏమీ లేదు. కానీ ప్రతి వాక్యం ఒక వాదన. ఇప్పుడు ఒక్కోదాన్నీ నిలదీయండి. వరిలో పని ఉండేదంటున్నారు, ఏడాదికి ఎన్ని రోజులు ఉండేది, మీ ఇంటర్వ్యూల్లో ఎంతమంది ఏమన్నారు? ఎంత వరి భూమి గుంటలుగా మారింది, మండలాల వారీగా ఏ రికార్డులో దొరుకుతుంది? ప్లాంటు పనికి కూలీ రోజు లెక్కనా, కిలో లెక్కనా? ఐదు వాక్యాల్లోంచి ఐదు పేరాలు వస్తాయి, ఒక్కో పేరాకు ఒక టేబులో, ఒక ఇంటర్వ్యూ ముక్కో కావాల్సి వస్తుంది. చాప్టర్ పెరిగేది ఇలాగే.

ఇంకో రోజు రెండో వాక్యం దగ్గర ఆగి చూడండి. "గుంటలు తవ్వాక ఆ పని పోయింది" అన్నారు. నిజమేనా? గుంటలు లేని ఊళ్లలో కూడా కోత మిషన్లు వచ్చి కోత పని పోయింది కదా. కలుపు మందులు వచ్చి కలుపు పని తగ్గింది కదా. మరి పోయిన పనిలో గుంటల వాటా ఎంత, మిషన్ల వాటా ఎంత? దీనికి జవాబు చెప్పాలంటే గుంటలు పెద్దగా రాని ఒకటి రెండు వరి ఊళ్లను కూడా పోలికకు తీసుకోవాలి. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు మీరు తిరుగుతున్న మండలాలకు పక్కనే అలాంటివి దొరుకుతాయి.

ముందుగా రాయమని నేను పోరు పెట్టేది దీనికోసమే. ఈ ప్రశ్న చదువుతున్నప్పుడు తట్టదు, ఊళ్లు తిరుగుతున్నప్పుడూ తట్టదు. తెలిసిందనుకున్నదాన్ని వాక్యంగా పెట్టినప్పుడు అది నిలబడకపోతే తడుతుంది. ఇవాళ తట్టిందనుకోండి, మీకు ఇంకా సగం ఫీల్డ్‌వర్క్ మిగిలి ఉంది, రెండు ఊళ్లు కలుపుకుంటారు. అంతా అయ్యాక రాయడం మొదలుపెడితే ఇదే ప్రశ్న వైవాలో ఎగ్జామినర్ అడుగుతాడు, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

తెలుగు డ్రాఫ్ట్ ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు చిన్న వాక్యాలు రాయండి. ఏఐ టూల్స్ వాడతారని నాకు తెలుసు. భాష సరిచేయడానికి వాడితే మీ గైడ్‌కు చెప్పి వాడండి, మీ యూనివర్సిటీ దీని గురించి ఏమంటుందో కనుక్కోండి. ఆలోచన మాత్రం ముందు మీ తెలుగు డ్రాఫ్ట్‌లో ఉండాలి. అది ఉంటే వైవాలో ఏ పేరా గురించి అడిగినా తడుముకోరు.

నేపథ్యం చాప్టర్‌తో మాత్రం మొదలుపెట్టకండి. నెల్లూరు మీద థీసిస్ అనగానే 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్‌తో మొదలెట్టి, జిల్లా నైసర్గిక స్వరూపం, పెన్నా నది, నేలలు, వర్షపాతం అంటూ అరవై పేజీలు నింపడం మన దగ్గర ఆచారం అయిపోయింది. అందులో సొంత ఆలోచనతో పని లేదు, అందుకే అది హాయిగా సాగుతుంది, ఉబ్బుతుంది. మీకు కావాల్సిన నేపథ్యం ఇంతే: 1990లలో టైగర్ రొయ్య జోరు, తెల్లమచ్చ వ్యాధి దెబ్బ, 1996 డిసెంబర్‌లో తీర ప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి. ఒక్కోటి కూలీల పనిని ఎలా మార్చిందో చెప్తూ నాలుగైదు పేజీలు చాలు. అది కూడా చివర్లో రాయండి.

చరిత్ర స్కాలర్లకు ఈ జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. ఒకామె 1921 నాటి చీరాల–పేరాల ఉద్యమం మీద, అంటే మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా జనం ఊరే వదిలేసిన ఉద్యమం మీద, పని చేసేది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు చూసి రోజంతా నోట్సు రాసుకునేది. నోటుపుస్తకాలు అటక నిండుతున్నాయి, చాప్టర్ లేదు. చివరి అరగంట పత్రికలు మూసేసి, ఇవాళ చదివినవాటిలో నిన్న తెలియనిది ఏముందో ఒక పేజీ రాసి, అప్పుడే రైలు ఎక్కమన్నాను. మొదట్లో గొణిగింది, టైమ్ వేస్ట్ అంది. ఊరు ఖాళీ చేసి వెళ్లిన జనం తాము కట్టుకున్న రామనగరంలో ఎలా బతికారన్న చాప్టర్ దాదాపు ఆ పేజీల్లోంచే వచ్చింది. మీరు కూడా ఇంటర్వ్యూ చేసిన రోజు రాత్రే ఒక పేజీ రాయండి. రికార్డింగ్ ఉంది కదా అని వదిలేస్తే ఆ మనిషి ఏ మాట దగ్గర ఆగిందో, ఎవరు వస్తే మాట మార్చిందో మర్చిపోతారు.

ఆపే పద్ధతి కూడా ఉంది. ఆలోచన అయిపోయాక ఆపకండి, ఇంకా ఒక మాట మిగిలి ఉండగానే ఆపండి. కింద తెలుగులో ఒక ముక్క రాసిపెట్టండి: "రేపు: ప్లాంటు వ్యాన్ గురించి అల్లూరు ఆవిడ చెప్పింది." మర్నాడు ఫైలు తెరవగానే చేయి కదులుతుంది.

ఇక రాసింది ఎవరు చదవాలి? యూజీసీ 2022 నిబంధనల్లో ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రగతి చెప్పాలని ఉంది. ఆరు నెలలకోసారి అంటే అలవాటు నిలబెట్టడానికి చాలదు, ముందు వారం హడావిడి పడి పీపీటీ చేసుకోవడానికి సరిపోతుంది. మీలాంటి ఇద్దరు ముగ్గురు కలవండి. సబ్జెక్టు ఒకటే కానక్కర్లేదు, వేరైతేనే మేలు. నాకు తెలిసిన ఒక ముఠాలో ఒకరిది బోటనీ, ఒకరిది తెలుగు, ఒకరిది కామర్స్. శనివారం రాత్రికల్లా రెండేసి పేజీలు వాట్సాప్‌లో పెట్టుకునేవాళ్లు. చదివినవాళ్లు తప్పులు దిద్దకూడదు, "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అని గీత మాత్రం పెట్టాలి. కామర్స్ అబ్బాయి మధ్యలో మానేశాడు. మిగతా ఇద్దరూ థీసిస్ ఇచ్చారు.

గైడ్ దగ్గరికి వచ్చేసరికి, "సార్ నా చాప్టర్ చూడటం లేదు" అనే ఫిర్యాదు ఎప్పుడూ వినపడుతుంది. గైడ్ వైపు నుంచి చెప్తున్నాను, వినండి. ఎనభై పేజీల ఫైలు పంపితే ఆదివారం చూద్దాంలే అనుకుంటాం, ఆ ఆదివారం రాదు. ఆరేడు పేజీలు పంపి, పైన ఒకే ప్రశ్న రాయండి: "మిషన్ల ప్రభావాన్ని వేరు చేయడానికి ఈ పోలిక సరిపోతుందా సార్?" ఫోన్‌లోనే చదివి జవాబు ఇస్తాం. చూడని గైడ్లూ ఉన్నారు, కాదనను. వాళ్లతో కూడా చిన్న ఫైలే ఎక్కువసార్లు పని చేస్తుంది.

రెండు మూడు వారాలు పూర్తిగా పోయే రోజులు వస్తాయి. కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ తనిఖీ పనులు, ఎన్నికల డ్యూటీ, ఇంట్లో పెళ్లి, ఆస్పత్రి. తిరిగొచ్చాక పోయినవాటిని పూడ్చాలని ఐదు గంటలు కూర్చోకండి. మొదటి రోజు ఆఖరి పేజీ చదివి ఒక్క వాక్యం రాసి లేచిపోండి. రెండో రోజు మామూలు వేళకు మామూలుగా.

ఇదంతా పని చేయని సందర్భాలూ ఉన్నాయి. సైన్స్ వాళ్లకు ప్రయోగం చేసిన రోజే మెథడ్స్ భాగం రాసుకోవడం ముఖ్యం, మిగతాది ఫలితాలను బట్టి. ప్రశ్నే ఇంకా తేలనివాళ్లు చాప్టర్ జోలికి పోకుండా "నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి" అని ఒకే పేజీని వారం వారం తిరగరాయాలి. ఇక నిద్ర పట్టక, ఫైలు పేరు చూస్తేనే గుండె దడ వచ్చే స్థితిలో ఉంటే టైమ్‌టేబుల్ దాన్ని నయం చేయదు, డాక్టర్‌ను కలవండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

గడువు కూడా చూసుకోండి. 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. మహిళలకు, నలభై శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు సడలింపు ఉంది. మీ అడ్మిషన్ ఏ నిబంధనల కింద జరిగిందో యూనివర్సిటీ రీసెర్చ్ సెక్షన్‌లో కనుక్కోండి.

చివరిగా పేపరు సంగతి. థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది. అయినా కొన్ని యూనివర్సిటీలు సొంత నియమం పెట్టుకున్నాయి, మీ దగ్గర ఎలా ఉందో అడగండి. చాప్టర్ ముందు రాస్తే అందులోంచి ఒక వాదన కోసి పేపరు చేయొచ్చు. పేపర్లు ముందు వేసి వాటిని కుట్టి చాప్టర్ చేయడం కష్టం, అతుకులు కనపడతాయి. నమ్మదగిన జర్నళ్ల పేర్లు ఇచ్చే యూజీసీ కేర్ లిస్టు 2025 ఫిబ్రవరిలో రద్దయింది కాబట్టి మంచి జర్నల్ ఏదో మీరే చూసుకోవాలి. "మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఉచితం" అని వాట్సాప్‌లో వచ్చేవాటికి రూపాయి కట్టకండి. మీ జొటెరో తెరిచి, మీరు నిజంగా చదివి వాడుకున్న పేపర్లలో ఏ జర్నల్ పేరు మూడు నాలుగుసార్లు కనపడుతుందో చూడండి. మొదట అక్కడికే పంపండి. తిప్పి పంపినా రివ్యూయర్ల వ్యాఖ్యలు చేతికొస్తే వాటితో చాప్టర్ బాగుచేసుకోవచ్చు.